మాట రాదన్నారు, భాషే లేదనుకున్నారు

మా ఎదురింట్లో ఒకతను ఉండేవాడు. ఊరంతా మూగోడనే అనేది. రేషన్ కార్డులో ఏదో పేరు ఉండేదట గానీ, వినపడని మనిషిని పేరు పెట్టి పిలిచి లాభమేంటని ఎవరూ ఆ పేరు వాడలేదు. అతనూ వాళ్లమ్మా కలిసి ఒక యాభై, అరవై సైగలు అల్లుకున్నారు. మీసం మెలేస్తే పెదనాన్న. ముక్కుకి పక్కన వేలు ఆనిస్తే ముక్కుపుడక పెట్టుకునే మేనత్త. రెండు చూపుడువేళ్లు తలమీద పెడితే గేదె. చేతికి సూది గుచ్చినట్టు చూపిస్తే ఆర్ఎంపీ డాక్టరు. పొలం పనిలో అతనికి సాటి లేదు, నోట్ల లెక్క ఎప్పుడూ తప్పలేదు. కానీ 'ఎందుకు' అని అడగడానికి ఆ ఇంట్లో సైగ లేదు. 'పోయినేడాది', 'ఒకవేళ', 'అనుకున్నాను' లాంటివాటికి అసలే లేవు. బడికి ఎందుకు పంపలేదంటే వాళ్లమ్మ ఒకటే చెప్పేది: "మాటలు రావు కదా బాబూ, చదువెట్లా వస్తది?"

ఆమెది తెలివితక్కువతనం అనుకుంటే పొరపాటు. సరిగ్గా ఇదే ప్రశ్న దగ్గర పెద్ద పెద్ద పండితులు, మతాధికారులు, శాస్త్రవేత్తలు రెండువేల ఏళ్లపాటు తడబడ్డారు. తెలుగులో 'మాట' అంటే నోటి నుంచి వచ్చే శబ్దం. మాట అంటే ఒక పదం. మాట అంటే మొత్తం భాష కూడా. వినేవాళ్ల జీవితంలో ఈ మూడూ ఒకదానికొకటి అతుక్కునే ఉంటాయి కాబట్టి విడదీసి చూడాల్సిన అవసరం రాదు. పుట్టుకతో వినపడని బిడ్డ దగ్గరికొచ్చేసరికే అవి విడిపోతాయి. శబ్దం పోయింది సరే, భాష కూడా పోయినట్టేనా? బధిరుల చదువు చరిత్రలో జరిగిన ప్రతి గొడవా తిరిగి తిరిగి ఈ ప్రశ్న దగ్గరికే వస్తుంది.

ఆస్తి తగాదాల్లోంచి అక్షరాలు

చదువు చెప్పే దారుల్లో వినికిడే ముఖ్యమైనదని అరిస్టాటిల్ అన్నాడు. తర్వాతి వాళ్లు దాన్ని ఇంకో మెట్టు లాగి, చెవిటివాళ్లకి బుద్ధే ఉండదన్న అర్థం తీశారు. జస్టీనియన్ నాటి రోమన్ చట్టం పుట్టుకతో చెవుడూ మూగా ఉన్నవాళ్లకి వీలునామా రాసే హక్కు లేదంది. మన దగ్గర మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం పుట్టుగుడ్డివాళ్లని, చెవిటివాళ్లని, మూగవాళ్లని తండ్రి ఆస్తిలో భాగం లేనివాళ్ల జాబితాలో చేర్చింది, తిండి పెట్టి పోషిస్తే చాలంది. ఇది ఏ పాతకాలంలోనో ముగిసిపోయిన కథ కాదు. బ్రిటిష్ కోర్టులు కూడా హిందూ ధర్మశాస్త్రం పేరుతో దీన్ని పాటిస్తూ వచ్చాయి. 1928లో వారసత్వ అనర్హతల తొలగింపు చట్టం వచ్చాకే అంగవైకల్యం సాకుతో వాటా ఎగ్గొట్టడం ఆగింది.

యూరప్‌లో బధిరుల చదువు తొలిసారి గట్టిగా కనిపించేది కూడా ఆస్తిపాస్తులున్న ఇంట్లోనే. 16వ శతాబ్దం స్పెయిన్‌లో వెలాస్కో అనే పెద్ద జమీందారీ వంశం ఉండేది. ఆస్తి బయటికి పోకుండా దగ్గరి చుట్టాల్లోనే పెళ్లిళ్లు చేసుకునేవాళ్లు. ఆ వంశంలో బధిర పిల్లలు ఎక్కువగా పుట్టారు. మేనరికాలు మనకి కొత్త కాదు కాబట్టి ఈ సంగతి తెలుగువాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. పుట్టుచెవుడుకి కారణమయ్యే జన్యువుల్లో చాలావరకు తల్లి నుంచి ఒకటీ తండ్రి నుంచి ఒకటీ వస్తేనే పనిచేసే రకం. మేనమామకి మేనకోడల్ని ఇస్తే ఆ రెండూ కలిసే అవకాశం పెరుగుతుంది. మా ఎదురింటతని తల్లిదండ్రులది కూడా అలాంటి పెళ్లే.

ఆ వెలాస్కో పిల్లల్ని ఓన్యా అనే ఊళ్లోని మఠానికి పంపారు. అక్కడ పెద్రో పోన్సె ద లియోన్ అనే సన్యాసి వాళ్లకి రాయడం, చదవడం, కొంత పలకడం కూడా నేర్పాడు. ఆ మఠంలో మౌనం పాటించే వేళల్లో సన్యాసులు చేతి సైగలతో పని జరుపుకునేవాళ్లు. నోరు తెరవకుండానే విషయం చెప్పొచ్చని ఆయనకి రోజువారీ అనుభవం. పోన్సె పద్ధతి రాతపూర్వకంగా మిగల్లేదు. 1620లో హువాన్ పాబ్లో బోనెట్ అనే మరో స్పెయిన్ దేశీయుడు అచ్చువేసిన పుస్తకంలో మాత్రం ఒంటిచేత్తో అక్షరాలు చూపించే పటాలున్నాయి. ఆ అక్షరాలే ఫ్రాన్స్ మీదుగా అమెరికా దాకా పోయాయి.

పారిస్ గురువు, పారిస్ వీధి

1760 ప్రాంతంలో పారిస్‌లో షార్ల్ మిషెల్ ద లెపే అనే మతగురువుకి ఇద్దరు బధిర అక్కాచెల్లెళ్లు తారసపడ్డారు. వాళ్లకి దేవుడి గురించి చెప్పేవాళ్లు లేకపోతే మోక్షం ఉండదన్నది ఆయన దిగులు. ఆ దిగులుతోనే తన ఇంట్లో బడి పెట్టాడు. డబ్బులు తీసుకోలేదు, పేదా గొప్పా చూడలేదు. 1789లో ఆయన పోయాక, 1791లో ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం ఆ బడిని జాతీయ సంస్థగా తీసుకుంది.

సైగల భాషని కనిపెట్టింది ఈయనేనని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. అది తప్పు, ఆ తప్పుని ఆయన కాలంలోనే ఎత్తిచూపిన మనిషి ఉన్నాడు. పియెర్ దెలోజ్ అనే పుస్తకాల బైండరు. ఏడేళ్లప్పుడు మశూచి వచ్చి వినికిడి పోయింది. 1779లో అతను సొంతంగా ఒక పుస్తకం అచ్చువేయించాడు. పారిస్ బధిరులు ఏ బడికీ పోకుండానే తమలో తాము అన్ని విషయాలూ సైగలతో మాట్లాడుకుంటారని, తాను ఆ భాషని చదువు రాని ఒక ఇటలీ బధిరుడి దగ్గర నేర్చుకున్నానని అందులో రాశాడు. ద లెపే గొప్పతనం కనిపెట్టడంలో లేదు. ఆ వీధి భాషని చూసి, ఇదీ చదువు చెప్పడానికి పనికొస్తుందని గుర్తించడంలో ఉంది.

అయితే గుర్తించినవాడు గుర్తించినట్టు వదల్లేదు. ఉన్న సైగలకి ఫ్రెంచి వ్యాకరణం తొడిగాడు. పుంలింగానికో సైగ, భూతకాలానికో సైగ, విభక్తికో సైగ. తెలుగులో ఊహించుకోండి: 'రాముడికి' అని చెప్పడానికి రాముడు ఒక సైగ, 'డు' ఒకటి, 'కి' ఒకటి. ఈ పద్ధతితో పిల్లలు ప్రదర్శనల్లో లాటిన్ వాక్యాలు కూడా చకచకా రాసి చూపించారు, రాజులు వచ్చి చూసి మెచ్చుకున్నారు. రాసిందాంట్లో ఎంత అర్థమైందంటే అది వేరే ప్రశ్న. తరగతి అయ్యాక పెరట్లో ఆ పిల్లలే గురువుగారి సైగలు పక్కన పడేసి తమ సొంత భాషలో కబుర్లు చెప్పుకునేవాళ్లు. చేతులతో తెలుగునో ఇంగ్లీషునో పదానికి పదం చూపించేస్తే సరిపోతుందనుకునే పొరపాటు ఇప్పటికీ మన బడుల్లో బతికే ఉంది.

అదే కాలంలో జర్మనీలో సామ్యూల్ హైనికె అనే ఆయన సరిగ్గా ఎదురు వాదన చేశాడు. ఆలోచన పుట్టేదే ధ్వనిలో, కాబట్టి ముందు పలకడం నేర్పాలన్నాడు. 1778లో లైప్‌జిగ్‌లో ఆయన బడి పెట్టాడు. చేతులా, నోరా అన్న తగవు అక్కడే మొదలైంది.

అమ్మ నుంచి రాని భాష

ఇక్కడ ఒక్క విషయం ఆగి చూడాలి. ఇది అర్థమైతే మిగతా చరిత్రంతా సులువుగా విప్పుకుంటుంది. బధిర పిల్లల్లో నూటికి తొంభైమందికి పైగా వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు. తెలుగు నాకు మా అమ్మ ఇచ్చింది, ఆవిడకి వాళ్లమ్మ ఇచ్చింది. సైగల భాషకి ఆ దారి దాదాపు లేదు. ఏ కొద్దిమంది పిల్లలకో అమ్మానాన్నా కూడా బధిరులై ఉంటారు, వాళ్లు ఇంటి నుంచి భాషతో బడికొస్తారు. మిగతావాళ్లు హాస్టల్లో వాళ్లని చూసి నేర్చుకుంటారు. పెద్ద తరగతి పిల్లల నుంచి చిన్న తరగతికి, బధిర టీచర్ల నుంచి పిల్లలకి భాష చేరుతుంది. అంటే ఈ భాషకి వంశవృక్షం బడి గుండా సాగుతుంది. బడిలో దాన్ని నిషేధిస్తే ఒక సిలబస్ మారడంతో పోదు, తరం నుంచి తరానికి ఉన్న తాడే తెగుతుంది.

బడి వంశవృక్షం ఎంత బలమైందో అమెరికా కథ చెబుతుంది. కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లో ఆలిస్ కాగ్స్‌వెల్ అనే బధిర బాలిక ఉండేది. ఆమె తండ్రి డాక్టరు. ఆయనా ఊరి పెద్దలూ కలిసి చందాలేసుకుని, 1815లో థామస్ గాలడెట్ అనే యువకుడిని చదువు చెప్పే పద్ధతి నేర్చుకు రమ్మని యూరప్ పంపారు. ఆయన ముందు బ్రిటన్ వెళ్లాడు. అక్కడ బ్రెయిడ్‌వుడ్ కుటుంబం బధిరుల చదువుని ఇంటి రహస్యంలా గుప్పిట్లో పెట్టుకుంది. కొన్నేళ్లు మా దగ్గర పనిచెయ్యి, ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టు, అప్పుడు చూద్దాం అన్నారు. ఆవకాయ కొలతలు చెప్పని మేనత్తల్లాగే అనుకోండి! విసిగిపోయిన గాలడెట్, అప్పుడే లండన్ వచ్చిన పారిస్ బడి పెద్ద సికార్‌ని కలిశాడు. ఆయన పారిస్‌కి రమ్మన్నాడు. అక్కడ బధిర ఉపాధ్యాయుడు లోరాన్ క్లెర్క్ దగ్గర పాఠాలు నేర్చుకున్నాడు. 1816లో ఇద్దరూ ఓడెక్కి అమెరికా వచ్చారు. 52 రోజుల ఆ ప్రయాణంలో క్లెర్క్ సైగలు నేర్పాడు, గాలడెట్ ఇంగ్లీషు నేర్పాడు. 1817 ఏప్రిల్ 15న హార్ట్‌ఫర్డ్‌లో బడి తెరిచారు.

ఫలితం చూడండి. అమెరికా, బ్రిటన్ రెండూ మాట్లాడేది ఇంగ్లీషే. కానీ అమెరికా బధిరుడికి బ్రిటన్ సైగల భాష అర్థం కాదు. ఫ్రెంచి సైగల భాష పోలికలే ఎక్కువ కనిపిస్తాయి. అమెరికా అక్షరాలు ఒంటిచేత్తో, బ్రిటన్‌వి రెండు చేతులతో. సైగల భాష ప్రపంచమంతా ఒకటే అనుకునేవాళ్లకీ, అది ఆ ఊరి మాట్లాడే భాషకి చేతిరూపం అనుకునేవాళ్లకీ ఇదొక్కటే చాలు జవాబు.

ఆ బడికొచ్చిన పిల్లల్లో కొందరు మార్తాస్ వినయార్డ్ అనే దీవి నుంచి తమ సొంత సైగలతో వచ్చారు. ఆ దీవిలో కొన్ని కుటుంబాల్లో పుట్టుచెవుడు తరతరాలుగా ఉండటంతో, వినపడేవాళ్లు కూడా సైగలు చేస్తూనే పెరిగారు. చేపల వేటలో, బజారులో, ఇంట్లో అందరికీ రెండు భాషలు. అలాంటి ఊరు మనకి దగ్గర్లోనూ ఉంది. కర్ణాటకలో గౌరీబిదనూరు ప్రాంతంలోని అలీపుర్. హిందూపురానికి ఎంతో దూరం కాదు. ఆ ఊరికి తనదైన సైగల భాష ఉంది, బధిరులతో పాటు వినపడేవాళ్లలోనూ చాలామందికి అది వచ్చు.

మిలాన్‌లో 'మాట వర్ధిల్లాలి'

1880 సెప్టెంబరులో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల విద్య మీద అంతర్జాతీయ మహాసభ జరిగింది. 164 మంది ప్రతినిధులు. ఎక్కువమంది ఇటలీ, ఫ్రాన్స్ వాళ్లు. అంతమందిలో బధిరుడు ఒకే ఒక్కడు, అమెరికా నుంచి వచ్చిన జేమ్స్ డెనిసన్. సైగల కన్నా మాట గొప్పదన్నది తిరుగులేని విషయమని, బడుల్లో పలికించే పద్ధతే ఉండాలని తీర్మానించారు. రెండూ కలిపి వాడితే ఉచ్చారణ పాడవుతుంది, భావాల స్పష్టత చెడుతుంది, కాబట్టి సైగలు అసలే వద్దన్నారు. వ్యతిరేకించినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చివర్లో సభలో లేచిన నినాదం 'వివా లా పరోలా', అంటే 'మాట వర్ధిల్లాలి'.

ఈ నినాదం చదివిన ప్రతిసారీ నాకు మా ఎదురింటావిడే గుర్తొస్తుంది. ఆమె వాడిన మాటే, అదే అర్థంలో. తేడా ఏంటంటే ఆమె దిగులుతో అంది, వాళ్లు సంబరంగా అన్నారు.

తర్వాత జరిగింది తెలిసిందే. యూరప్, అమెరికా బడుల్లో బధిర టీచర్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, పలికించలేని వాళ్లు పాఠం ఎలా చెబుతారని. పిల్లలు చేతులు కదిపితే దెబ్బలు, చేతులు కట్టేయడం, చేతుల మీద కూర్చోబెట్టడం. ఇలాంటి జ్ఞాపకాలు దేశదేశాల బధిరులు చెప్పుకున్నారు. పాఠం చెప్పాల్సిన గంటలన్నీ గొంతు మీద చెయ్యి పెట్టించి కంపనం పట్టించడానికి, అద్దం ముందు పెదాలు తిప్పించడానికి సరిపోయాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత చెప్పుకుని నవ్వుతాం కదా, ఒక శతాబ్దం పాటు ప్రభుత్వ ఖర్చుతో బడులు పెట్టి చేసింది అదే.

పెదాలు చూసి అర్థం చేసుకోవచ్చు కదా అంటారు. అద్దం ముందు నిలబడి గొంతు బయటికి రాకుండా మూడు పదాలు పలకండి: పాట, బాట, మాట. మూడింటికీ పెదాలు ఒకేలా కలుస్తాయి, ఒకేలా విడిపోతాయి. ప, బ, మ తేడా అంతా గొంతులోనూ ముక్కులోనూ ఉంది, అది కంటికి కనపడదు. క, గ, హ అయితే పెదాల దాకా రానే రావు. ముందే భాష వచ్చినవాడు సందర్భాన్ని బట్టి ఊహించుకుంటాడు. భాషే రాని పసివాడు దేన్ని బట్టి ఊహించాలి?

ఈ కథలో దుర్మార్గుడి వేషం సాధారణంగా అలెగ్జాండర్ గ్రాహంబెల్‌కి వేస్తారు. మనిషి అంత తేలిగ్గా ఒక పెట్టెలో ఇమడడు. తల్లికి వినికిడి సరిగా లేదు, భార్య మేబెల్ చిన్నప్పుడే వినికిడి కోల్పోయింది, ఆయన స్వయంగా బధిరులకి టీచరు, సైగలు చేయడం కూడా వచ్చు. టెలిఫోన్ కన్నా ముందు ఆయన వృత్తి ఇదే. కానీ 1883లో ఆయన రాసిన పత్రం చూస్తే వెన్నులో చలి పుడుతుంది. బధిరులు హాస్టళ్లలో కలిసి పెరిగి, ఒకే భాషలో మాట్లాడుకుని, తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటే మానవజాతిలో ఒక బధిర శాఖ తయారవుతుందని భయపడ్డాడు. దానికి మందుగా హాస్టళ్లు వద్దు, బధిర టీచర్లు వద్దు, సైగలు వద్దన్నాడు. పెళ్లిళ్లని చట్టంతో ఆపమని మాత్రం అనలేదు. ఆ తరహా ఆలోచన ఎక్కడిదాకా పోగలదో 1933లో జర్మనీలో తెలిసింది. నాజీలు తెచ్చిన బలవంతపు సంతాన నిరోధక చట్టంలో వంశపారంపర్య చెవుడు కూడా ఉంది. వేలమంది బధిరులకి ఆపరేషన్లు చేసేశారు.

నిషేధం ఉన్నా భాష చావలేదు. హాస్టల్ గదుల్లో, దీపాలార్పే వేళకి ముందు, టీచర్ వీపు తిప్పినప్పుడు సాగుతూనే ఉంది. అమెరికా బధిరుల జాతీయ సంఘం కెమెరా కొత్తగా వచ్చిన రోజుల్లోనే డబ్బులు పోగుచేసి, తమ గొప్ప వక్తల ఉపన్యాసాల్ని ఫిలిం మీద దాచుకుంది. 1913లో జార్జ్ వెడిట్జ్ సైగల్లో చేసిన ఉపన్యాసం ఇప్పటికీ చూడొచ్చు. భాష చచ్చిపోతుందేమోనన్న భయంతో తీసిన సినిమా అది.

చాసర్ పండితుడు, నికరాగువా పిల్లలు

1955లో విలియం స్టోకీ అనే ఇంగ్లీషు ప్రొఫెసర్ వాషింగ్టన్‌లో బధిరుల కోసం ఉన్న గాలడెట్ కాలేజీలో చేరాడు. ఆయన అసలు చదువు పాతకాలపు ఇంగ్లీషు కవి చాసర్ మీద. విద్యార్థుల చేతులు చూస్తుంటే ఆయనకి ఒక అనుమానం వచ్చింది: ఇవి గాలిలో గీసే బొమ్మలు కావు, వీటికి లోపల ముక్కలున్నాయి. పాట, బాట, మాటల్లో ఒక్క ధ్వని మారితే అర్థం మారినట్టే, సైగలో కూడా చెయ్యి ఆకారం, చెయ్యి పెట్టే చోటు, కదలిక అనే ముక్కలున్నాయి, వాటిలో ఒకటి మారితే పదం మారుతుంది. అమెరికన్ సైగల భాషలో చూపుడువేలు వంచుతూ నుదుటి దగ్గర పక్కకి లాగితే ఎండాకాలం, అదే కదలిక ముక్కు దగ్గరైతే అందవికారం, గడ్డం దగ్గరైతే పొడిదనం. 1960లో ఆయన ఇది రాస్తే తోటి ఉద్యోగులు నవ్వారు. బధిరుల్లోనే చాలామంది 'ఇది భాషేంటి, ఏదో మేం చేసుకునే సైగలు' అన్నారట. తరతరాలుగా తక్కువ చేసి చూస్తే, సొంతభాషని భాష అని ఒప్పుకోవడానికి కూడా సిగ్గుపడే స్థితి వస్తుంది. తెలుగు మీడియం పిల్లలకి ఈ ముక్క వివరించక్కర్లేదు.

భాష ఎలా పుడుతుందో కళ్లారా చూసే అవకాశం మనుషులకి దాదాపు ఎప్పుడూ దొరకలేదు. నికరాగువాలో దొరికింది. మధ్య అమెరికాలోని ఆ చిన్న దేశంలో 1970ల దాకా బధిరులు ఎవరింట్లో వాళ్లు, మా ఎదురింటతని లాగే, ఇంటి సైగలతో ఒంటరిగా బతికారు. 1977లో మనాగ్వా నగరంలో ప్రత్యేక బడి ఒకటి పెట్టారు. 1979 విప్లవం తర్వాత ప్రభుత్వం దాన్ని పెంచింది, పెద్దపిల్లలకి వృత్తి విద్యా కేంద్రం కూడా తెరిచింది. కొన్నేళ్లలో వందలమంది ఒకచోట చేరారు. టీచర్లు మాత్రం మిలాన్ బాటలోనే పెదాలు చూపించి స్పానిష్ నేర్పాలని చూశారు, అది పెద్దగా ఫలించలేదు. కానీ బడి బస్సుల్లో, ఆటస్థలంలో పిల్లలు ఒకరి ఇంటి సైగలు ఒకరు అందుకోవడం మొదలుపెట్టారు. మొదటి జట్టు పిల్లలు ఒక అతుకుల బొంత తయారుచేశారు. తర్వాత చేరిన చిన్నపిల్లలు ఆ అతుకుల బొంతని పట్టుకుని, దానికి క్రియల పద్ధతీ, వరసా, వ్యాకరణమూ తొడిగేశారు. ఎవరూ నేర్పలేదు. 1986లో జూడీ కెగల్ అనే భాషా శాస్త్రవేత్తని ప్రభుత్వం పిలిపిస్తే, ఆవిడ చూసింది కళ్లముందు పుడుతున్న కొత్త భాషని. చిన్నపిల్లలు చేసే సైగలే పెద్దపిల్లల సైగల కన్నా చిక్కనివి, వేగమైనవి. భాషని తయారుచేసే పనితనం పసితనంలోనే ఉంటుందని, వయసు దాటితే అది మళ్లీ రాదని ఇంతకన్నా గట్టిగా చూపించిన సంఘటన ఇంకోటి నాకు తెలియదు.

మన దగ్గర సంగతి

మన దేశంలో బధిరులకి బడులు 1880ల్లో బొంబాయిలో క్రైస్తవ మిషనరీల చేతుల మీదుగా మొదలయ్యాయి. 1893లో కలకత్తాలో, అదే దశాబ్దంలో తమిళనాట పాళయంకోట్టైలో వచ్చాయి. కాలం గమనించండి, మిలాన్ తీర్మానం వేడి ఇంకా తగ్గని రోజులవి. మనకి పద్ధతి దిగుమతి అయిందే 'సైగలు వద్దు' అన్న షరతుతో. ఇండియాలో సైగల భాష అంటూ ఏమీ లేదు, ఉన్నవి ఊరికో రకం సైగలే అన్నది చాలాకాలం నిపుణుల మాట.

దాన్ని తిరగదోడినవాళ్లలో ముఖ్యుడు మదన్ వశిష్ట. హిమాచల్ పల్లెటూళ్లో పుట్టి, చిన్నతనంలో వినికిడి కోల్పోయి, గాలడెట్ దాకా వెళ్లిన మనిషి. 1970ల్లో ఆయనా, ఇద్దరు అమెరికన్ పరిశోధకులూ ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగళూరు తిరిగి సైగలు సేకరించారు. దాదాపు నాలుగింట మూడు వంతులు అన్ని చోట్లా ఒకే మూలానివని తేలింది. తర్వాత జర్మన్ పరిశోధకురాలు ఉల్రికె జెషాన్ దీని వ్యాకరణం రాశారు. కరాచీ, ఢిల్లీ బధిరులు వాడేది ఒకే భాషలో రెండు యాసలన్నది ఆవిడ తేల్చిన విషయం. హిందీ, ఉర్దూ, తెలుగు, తమిళం గొడవలేవీ ఆ చేతులకి పట్టలేదు!

ఈ భాష వ్యాకరణం చూస్తే తెలుగువాళ్లకి కొంత చుట్టరికం తోస్తుంది, కొంత తోచదు. క్రియ చివర్లో వస్తుంది, 'లేదు' అన్న ముక్కా చివర్లోనే. అక్కడిదాకా మనలాగే. కానీ ప్రశ్న పదం కూడా అన్నిటికన్నా చివరికే పోతుంది. 'ఎవరొచ్చారు' అనరు, 'వచ్చు ఎవరు' అన్న వరసలో చూపిస్తారు. కనుబొమ్మలు, తల ఊపు కూడా వ్యాకరణంలో భాగమే. అక్షరాలు చూపించాల్సి వస్తే బ్రిటన్ నుంచి వచ్చిన రెండు చేతుల ఇంగ్లీషు అక్షరమాల వాడతారు. ఇప్పుడు ఒక తెలుగు బధిర పిల్లవాడి బల్ల మీద ఏముందో చూడండి: హాస్టల్లో సైగల భాష, దానికో వ్యాకరణం. పుస్తకంలో తెలుగు, కి, కు, ని, ను, తో, చేత అన్నీ కలిసి పదానికి అతుక్కుపోయి. చెవిన పడని ఆ అతుకుల్ని కంటితో చూసి పట్టుకోవాలి. పదో తరగతి పిల్లవాడు 'నేను బడి వెళ్ళు' అని రాస్తే తెలివి లేదనుకుంటాం. అది రెండో భాషలో తప్పటడుగు, మనం మొదట్లో రాసిన ఇంగ్లీషు లాంటిదే. దీనికి జవాబుగా చాలా బోర్డులు బధిర విద్యార్థులకి ఒక భాష పేపరు మినహాయించాయి. పరీక్ష టెన్షన్ తగ్గింది నిజమే, ఆ భాష నేర్పాల్సిన బాధ్యత కూడా దాంతోపాటే తగ్గిపోయింది.

1983లో ముంబైలో వచ్చిన జాతీయ వినికిడి సంస్థకి పెట్టిన పేరు మన హైదరాబాదీ అలీ యావర్ జంగ్‌ది. ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా చేసి, తర్వాత మహారాష్ట్ర గవర్నర్ అయిన ఆయన. సికింద్రాబాద్‌లో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. సైగల భాషకే ప్రత్యేకంగా ఒక పరిశోధనా శిక్షణ కేంద్రం ఢిల్లీలో 2015లో గానీ రాలేదు. 2018లో 3,000 పదాలతో నిఘంటువు తెచ్చి, 2021 నాటికి 10,000 చేశారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం సైగల భాషని సంభాషణ సాధనంగా గుర్తించింది, 2020 జాతీయ విద్యావిధానం దాన్ని దేశమంతటా ప్రామాణికం చేస్తామంది. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో బధిరుల విద్య మీద జరిగిన మహాసభ మిలాన్ తీర్మానాల్ని తోసిపుచ్చి విచారం ప్రకటించింది, 130 ఏళ్ల తర్వాత.

కాగితం మీద తగవు తీరిపోయినట్టే ఉంది. ఆసుపత్రి గదుల్లో తీరలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) ఉచితంగా చేయడం మొదలయ్యాక, అంత ఖర్చు భరించలేని ఎన్నో కుటుంబాల పిల్లలకి ఆ అవకాశం వచ్చింది. అది చిన్న విషయం కాదు. చాలామంది పిల్లలు దాంతో చక్కగా మాట్లాడుతున్నారు, వాళ్లని చూశాను కూడా. కానీ అది కళ్లజోడు లాంటిది కాదు, పెట్టిన రోజే అంతా స్పష్టంగా వినిపించదు. ఏళ్ల తరబడి థెరపీ, వారంవారం పట్నం ప్రయాణం, బయటి పరికరం పాడైతే మళ్లీ ఖర్చు. ఇవన్నీ కుదరని ఇంట్లో పిల్లవాడు రెంటికీ చెడతాడు. అలాంటి ఇంటికి కూడా 'సైగలు చెయ్యకండి, అలవాటైతే మాటలు రావు' అని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. సైగ నిజంగా మాటకి అడ్డమా అన్నదాని మీద పరిశోధకుల్లో వాదన నడుస్తూనే ఉంది. వాదనలో లేని విషయం ఒకటుంది: మొదటి నాలుగైదేళ్లలో ఏదో ఒక భాష పూర్తిగా అందకపోతే తర్వాత అందేది అరకొరే. బధిర తల్లిదండ్రుల పసిపాపలు, వినే పిల్లలు 'అత్త, తాత' అని వల్లించే వయసులోనే, చేతివేళ్లతో వచ్చీరాని సైగలు వల్లిస్తారని 1991లో ఒక పరిశోధన చూపించింది. భాష కోసం బిడ్డ మెదడు తయారుగానే ఉంటుంది, అది చెవి గుండా వచ్చిందా కంటి గుండా వచ్చిందా అని చూడదు. చెవి పనిచేస్తుందో లేదో తేలేదాకా కంటి దారి మూసి కూర్చోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

సైగల భాషలో ఒక ఆచారం ఉంది. పేర్లని అక్షరం అక్షరం చూపిస్తూ కూర్చోరు, ప్రతి మనిషికీ ఒక సైగ పేరు ఉంటుంది. దాన్ని ఎవరికి వాళ్లు పెట్టుకోరు, సాటి బధిరులు పెడతారు. ముఖంలోనో అలవాటులోనో ఏదో ఒకటి పట్టుకుని.

కొన్నేళ్ల క్రితం మా ఊళ్లో ఒక పెళ్లికి, పెళ్లికూతురి తరపున ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. ఇద్దరూ పట్నంలో బధిరుల బళ్లో చదువుకున్నవాళ్లు. భోజనాల దగ్గర మా ఎదురింటతన్ని చూసి పక్కన కూర్చున్నారు. అప్పటికి అతనికి నలభై దాటాయి. వాళ్లు చెప్పేదాంట్లో సగం అతనికి అందలేదు, అతని ఇంటి సైగలు వాళ్లకి అందలేదు. అయినా విస్తళ్లు ఎత్తేసినా లేవలేదు ముగ్గురూ. పోయేముందు అందులో ఒకడు అతని ఎడమ కనుబొమ్మ మీద ఉన్న పాత గాటు చూపించి, రెండు వేళ్లతో తన కనుబొమ్మ మీద అడ్డంగా గీసి, అతనివైపు చూపాడు. అతను కాసేపు చూసి, అదే సైగ తన కనుబొమ్మ మీద చేసుకుని, చేత్తో గుండె మీద తట్టుకున్నాడు. ఆ సాయంత్రం వాళ్లమ్మకి ఆ సైగ చూపిస్తూ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ దెబ్బ నొప్పిగా ఉందేమోనని నుదురు తడిమింది.